విషయం: అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకుండానే నా ఫిర్యాదును ‘పరిష్కారమైంది’ అని మూసివేయడం గురించి

బ్రాడీపేట,
గుంటూరు.

వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

మీ యాంటీవైరస్ సాఫ్ట్‌వేరు పనిచేయడం లేదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అది పనిచేస్తూనే ఉందని రోజూ తెరమీద అదే చెప్పుకుంటోంది. నేను మీ సంస్థను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. కొత్తగా కొన్న కంప్యూటరులో విండోస్ 11 ఉంది, దానిలోనే మైక్రోసాఫ్ట్ వారి సొంత యాంటీవైరస్ డిఫెండర్ కూడా ఉంది. అది ఉండగా మీ సాఫ్ట్‌వేరుకు ఏటేటా డబ్బు కట్టవలసిన అవసరం ఇంకా ఉందా, ఉంటే ఏ పనికి, అని అడిగాను. ‘ఉంది’ అని కారణం చెప్పినా, ‘లేదు’ అని ఒప్పుకున్నా, ‘మీరు చేసే పనిని బట్టి ఉంటుంది’ అని విడమరిచి చెప్పినా సంతోషించేవాడిని. ఇంతమంది ఉద్యోగులున్న సంస్థలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఒక్కరూ దొరకకపోగా, నా సమస్య పరిష్కారమైందని నాకే సందేశం పంపి నా ఫిర్యాదు నమోదును, మీ భాషలో టికెట్టును, మూసివేశారు. నా కోపమంతా ఆ సందేశం మీదే.

బ్రాడీపేటలో జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే చిన్న ఆఫీసు నాది. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల గుమాస్తాలు, మందుల షాపుల వాళ్ళు తమ లెక్కలను పెన్‌డ్రైవుల్లో తెచ్చి ఇస్తుంటారు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఆ పెన్‌డ్రైవు పెట్టడమే తడవుగా, అందులోని ప్రోగ్రామును అడగకుండానే నడిపించే ఆటోరన్ ద్వారా వైరస్ లోపలికి వచ్చేది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి, అసలు ఫైళ్ళు కనిపించకుండా పోయేవి. అప్పట్లో మీ సీడీ కొనుక్కున్నవాళ్ళలో నేనూ ఒకడిని. మీ సాఫ్ట్‌వేరు ఆ పెన్‌డ్రైవులను గుమ్మంలోనే ఆపి నా ఆఫీసు పరువు నిలబెట్టిన మాట వాస్తవం, ఆ మేలు మరిచిపోలేదు. అందుకే ఏటా రెన్యువల్ చేయించుకున్నాను, నన్ను అడిగిన వ్యాపారులందరికీ మీ పేరే చెప్పాను.

అయితే కాలం మారిందన్నది కూడా వాస్తవమే కదా. పెన్‌డ్రైవు ఆటోరన్‌ను పాత ఎక్స్‌పీ, విస్టాలలో సైతం ఆపివేసే అప్‌డేట్‌ను 2011లోనే మైక్రోసాఫ్ట్ పంపించింది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తి స్థాయి యాంటీవైరస్‌గా కంప్యూటరుతోనే వస్తోంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసినందువల్ల నేను కొత్త కంప్యూటరు కొనవలసి వచ్చింది. కొన్నాక ఈ ప్రశ్న పుట్టింది.

రెన్యువల్ డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మా బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. వద్దనుకుంటే ఆపుకోవడానికి అందులోనే లింకు ఉంది. అది నొక్కి ఊరుకుంటే మీకూ నాకూ ఈ శ్రమ ఉండేది కాదు. కాని ఇన్నేళ్ళ పరిచయం, చెప్పాపెట్టకుండా మానేయడం మర్యాద కాదనిపించి, అడిగి నిర్ణయించుకుందామని మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను.

తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కాను. వేణువో వయొలినో తేల్చుకోలేని సంగీతం చాలాసేపు వినిపించారు. నడుమ నడుమ నా కాల్ మీకు ఎంతో ముఖ్యమని ఒక గొంతు ఓదార్చింది. చివరికి ఫోనెత్తినాయన ‘జీ సర్, బతాయియే’ అన్నాడు. తెలుగు వచ్చిన వారికి కలపమంటే మళ్ళీ అదే సంగీతం. ఆ తరువాత దొరికిన తెలుగమ్మాయి, పాపం, మర్యాదగానే మాట్లాడింది. నా ప్రశ్న అంతా విని, ‘సార్, మీకు ఇంకా డబ్బు కట్ కాలేదు కదా, కట్ అయ్యాక ఫోన్ చేయండి, అప్పుడే మా దగ్గర టికెట్ ఓపెన్ అవుతుంది’ అంది. మర్నాడు డబ్బు కట్ అయింది. చెప్పినట్టే ఫోను చేశాను. ఈసారి మరొకాయన, ‘ఆల్రెడీ కట్ అయిపోయింది కదా సార్, ముందే చెప్పి ఉంటే ఏదైనా చేసేవాళ్ళం’ అన్నాడు.

ముందే చెప్పానన్నాను. అలాంటి కాల్ రికార్డులో లేదన్నాడు. నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డు చేయబడుతుందని ప్రతిసారీ మొట్టమొదట వినిపించేది మీరే. ఆ రికార్డులు ఎక్కడ దాస్తున్నారో, ఎవరి నాణ్యత కోసం దాస్తున్నారో దయచేసి విచారించండి. నా ప్రశ్న మళ్ళీ మొదటినుంచి చెప్పగా, మూడేళ్ళకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తానన్నాడు. నేను అడిగింది ధర గురించి కాదు, అవసరం గురించి అని చెప్పాను. ‘అయితే ఇంకో కంప్యూటర్‌కి ఫ్రీగా కలుపుతాను సార్’ అన్నాడు. ఒకదానికే అవసరమా అని అడుగుతున్నవాడికి రెండోదానికి ఉచితంగా ఇవ్వజూపడం మీ శిక్షణ గొప్పతనమే అయి ఉండాలి.

నేను పట్టు వదలకపోయేసరికి టెక్నికల్ విభాగమంటూ ఇంకొకరికి కలిపారు. ఆయన నా చేత విండోస్ సెక్యూరిటీ తెరిపించి, వైరస్ రక్షణ అన్నచోట ఏముందో పైకి చదవమన్నాడు. మీ సాఫ్ట్‌వేరు పనిచేస్తున్నట్టూ, కింద డిఫెండర్ ఆగి ఉన్నట్టూ కనబడింది, అదే చదివాను. ‘చూశారా సార్, డిఫెండర్ ఆఫ్‌లో ఉంది. దాన్ని నమ్ముకుంటే ఇంతే’ అన్నాడు. విండోస్‌లో మరొక యాంటీవైరస్ నమోదైతే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది, ఆ రెండోది తీసేస్తే తనంతట తానే మళ్ళీ పని మొదలుపెడుతుంది. అంటే అది ఆగి ఉన్నది మీరు ఉన్నందువల్లే. ఒకరి కుర్చీలో తాను కూర్చుని, ఆయనకు కూర్చోవడం చేతకాదని చెప్పినట్టుంది ఈ వాదన. ఈ సంగతి నేను చెప్పాక అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తరువాత, ‘సార్, ఫ్రీగా వచ్చేది ఎంతవరకు పనిచేస్తుంది మీరే చెప్పండి’ అన్నాడు. అది ఉచితం కాదు, దాని ఖరీదు విండోస్ ఖరీదులోనే ఉంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ వంటి పరీక్షా సంస్థల ఫలితాల్లో కొన్నేళ్ళుగా అది డబ్బు పెట్టి కొనే వాటి సరసనే నిలుస్తోంది. ఇంటర్నెట్ ఉన్నవారెవరైనా చూసుకోగల ఈ విషయం మీ టెక్నికల్ విభాగానికి చేరినట్టు లేదు.

ఆ తరువాత భయపెట్టడం మొదలైంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే వన్నాక్రై లాంటిది మళ్ళీ వస్తే మీ క్లయింట్ల ఫైళ్ళన్నీ లాక్ అయిపోతాయన్నాడు. 2017 మే 12న మొదలైన ఆ దాడి మాకు గుర్తుంది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. అయితే అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ వేసుకోని యంత్రాలే అందులో ముఖ్యంగా దెబ్బతిన్నాయి. మరి విండోస్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకునే నాకు మీరు అదనంగా ఇచ్చే రక్షణ ఏమిటని అడిగాను. ‘ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్’ అన్నాడు. ఆ నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

నిజానికి ఈ ప్రశ్నకు మీ వైపు నుంచి చెప్పుకోదగ్గ జవాబులు లేకపోలేదు. ముఖ్యమైన ఫోల్డర్లను అలా తాళం వేసే రాన్సమ్‌వేర్ ముట్టుకోకుండా కాపాడే సదుపాయం విండోస్‌లో ఉన్నా, దాన్ని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. అది మా సాఫ్ట్‌వేరులో మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుందని, ఒకవేళ ఉంటే, చెప్పవచ్చు. మోసపు సైట్లను పసిగట్టే విండోస్ స్మార్ట్‌స్క్రీన్, మైక్రోసాఫ్ట్ వారి ఎడ్జ్ బ్రౌజరులో పనిచేసినట్టు వేరే బ్రౌజర్లలో వెబ్‌సైట్లను పరిశీలించదు, మేము అన్నిటిలోనూ మోసపు సైట్లను ఆపుతామని చెప్పవచ్చు. ఊరందరి పెన్‌డ్రైవులూ పెట్టే ఆఫీసుకు రెండో కాపలా మంచిదని చెప్పినా కాదనేవాడిని కాను. మీ సరుకు గురించి మీ తరఫున నేను ఆలోచించినంత కూడా మీ ఉద్యోగులు ఆలోచించలేదు.

ఇక అసలు ఘట్టం. మీ సంస్థ నుంచే అంటూ ఒకాయన తనంతట తాను ఫోను చేసి, దూరం నుంచి నా కంప్యూటరును నడిపే ఒక యాప్ వేసుకోమని, తెరమీద కనబడే అంకెలు చెప్పమని అడిగాడు. అది రిటర్నుల గడువు 20వ తేదీ దగ్గరపడిన సమయం; నా తెరమీద ఒక వ్యాపారి జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-3బీ), ఆయన పాన్ నంబరు, బ్యాంకు వివరాలు తెరిచి ఉన్నాయి. ఎవరో ఫోను చేసి కంప్యూటరు అప్పగించమంటే అప్పగించవద్దని మీ వెబ్‌సైటులోనే రాసి ఉంది. ఆ సలహానే పాటించి, కుదరదన్నాను. నేను అడిగినది ఒక ప్రశ్న అనీ, దానికి జవాబు చెప్పడానికి నా కంప్యూటరులోకి రానవసరం లేదనీ కూడా అన్నాను. కాసేపటికి, ‘కస్టమర్ సహకరించలేదు’ అన్న కారణంతో టికెట్టు మూసివేసినట్టు ఈమెయిలు వచ్చింది. దాని వెనుకే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అన్న సందేశం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారన్న ప్రశ్న వచ్చాయి. తిరిగి రాద్దామంటే అది జవాబులు స్వీకరించని చిరునామా. అరండల్‌పేటలోని మీ డీలరును అడిగితే, అమ్మడం వరకే తన పని అన్నాడు. నిజం చెప్పినవాడు ఆయన ఒక్కడే.

ఇంత జరుగుతున్నప్పుడు కూడా మీ సాఫ్ట్‌వేరు మాత్రం నన్ను పలకరించడం మానలేదు. రిటర్ను అప్‌లోడ్ చేస్తుండగా తెరమూల నుంచి ఎర్రటి పెట్టె లేచి ‘మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది’ అంటుంది. ఏమిటా ప్రమాదమని నొక్కితే మీ మరో సరుకు కొనుక్కోమనే పేజీ తెరుచుకుంటుంది. వినియోగదారులను ఇలా తొందరపెట్టి, విసిగించి కొనిపించే పద్ధతులను నిరోధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందర కల్పించడం, పదేపదే విసిగించడం, చందాలో చిక్కించి బయటపడనీయకపోవడం అందులో పేరుపేరునా ఉన్నాయి. మీ న్యాయ విభాగం అవి చదివే ఉంటుంది. మీ ఎర్ర పెట్టెను తయారుచేసిన వారికి కూడా ఒక ప్రతి పంపితే మంచిది.

డబ్బు తిరిగి ఇస్తారో ఇవ్వరో మీ మర్యాదకు వదిలేస్తున్నాను. ఆ మొత్తంతో నాకు మేడలు లేవవు, మీకు కూలవు. నా టికెట్టు తిరిగి తెరిచి, ‘కస్టమర్ సహకరించలేదు’ అన్న మాట కొట్టివేసి, నా ప్రశ్నకు పేరూ హోదా ఉన్న ఒక అధికారి చేత రాతపూర్వకంగా జవాబు ఇప్పించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయవలసిన, నెలలోపు పరిష్కరించవలసిన బాధ్యత మీ హోదాలోని అధికారిదే. అలా జరగని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేస్తాను, అక్కడా తేలకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ఈలోగా నా మాట మీద మీ సాఫ్ట్‌వేరు కొన్న మిర్చి యార్డు వ్యాపారులు రెన్యువల్ చేయించమంటారా అని అడిగితే, నాకు జరిగినదంతా ఈ ఉత్తరంలో ఉన్నట్టే, ఒక్క మాట కలపకుండా చెబుతాను.

దయచేసి ఫోను చేయవద్దు. ఈ నెల 20 వరకు రిటర్నుల పనిలో ఉంటాను; మీ జవాబు రాకపోతే 21 నుంచి కమిషన్‌కు ఇవ్వవలసిన కాగితాలు సిద్ధం చేసుకుంటాను.

ఇట్లు,
మీ రికార్డుల్లో సహకరించని ఖాతాదారు.