సర్టిఫికెట్ చూశారు సరే, అది ఏ యూనిట్‌ది?

తెలంగాణ ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లలో తరచూ ఒక షరతు కనిపిస్తుంది: బిడ్డర్‌కు సీఎంఎంఐ లెవెల్ 3 లేదా 5 ఉండాలి. (సీఎంఎంఐ అంటే సంస్థ పని పద్ధతులు ఎంత పక్కాగా ఉన్నాయో లెవెల్ 5 దాకా కొలిచే విధానం.) షరతు మంచిదే, దాన్ని మనం వాడుతున్న తీరే బాగాలేదు.

అసలు ఈ పద్ధతి పుట్టిందే కొనేవాళ్ల కోసం. కాంట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ పనులు గడువూ బడ్జెట్టూ దాటిపోతుంటే, ఎవరి సత్తా ఎంతో తేల్చే మార్గం 1980లలో అమెరికా రక్షణ శాఖకు కావాల్సివచ్చింది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో వాట్స్ హంఫ్రీ బృందం చేసిన ఆ పని 1991లో సీఎంఎంగా వచ్చింది, తర్వాత సీఎంఎంఐ అయింది.

లెవెల్ వర్తించేది అప్రైజల్ (పని పద్ధతుల మదింపు) జరిగిన యూనిట్‌కే, అదీ మూడేళ్లే. బెంగళూరు యూనిట్‌కు లెవెల్ 5 ఉందని, మన ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో నిన్నగాక మొన్న చేర్చుకున్న టీమ్‌కు కూడా ఉన్నట్టు కాదు. సీఎంఎంఐని ఇప్పుడు నడిపే ఐసాకా సంస్థ ప్రచురించే ఫలితాల్లో యూనిట్ పేరు ఉంటుంది. టెండర్ కమిటీలు చూస్తున్నాయా?

అలాగని తప్పంతా కంపెనీల మీదకు నెట్టలేం. నేను టెస్టర్‌ని. ఒక శాఖలో (పేరెందుకు లెండి) దరఖాస్తులో కొత్త కాలమ్ చేర్చమని సాయంత్రం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. తెల్లారేసరికి లైవ్‌లో ఉండాలట! ఎవరు ఆమోదించారో, ఏ వెర్షన్‌లో వెళ్లిందో ఎక్కడా రాసి లేదు. ఆ కాలమ్ నింపడం తప్పనిసరి చేశారు, పాత రికార్డుల్లోనేమో అది ఖాళీ. మర్నాడు రెన్యువల్‌కు వచ్చినవాళ్ల ఫారం ఒక్కటీ సేవ్ కాలేదు. తిట్లు తిన్నది కౌంటర్‌లో కూర్చున్న ఆపరేటర్. పని చేసిన కంపెనీ లెవెల్ 5దే! మార్పులను అదుపులో పెట్టడం లెవెల్ 2 పాఠం, కానీ అడిగేవాళ్లకే ఆ పద్ధతి లేకపోతే కంపెనీ ఒక్కటీ ఏం చేస్తుంది?

కొనే సంస్థల కోసం కూడా 2007లో ఒక సీఎంఎంఐ మోడల్ వచ్చింది. మన శాఖలు దాన్ని మొత్తం నెత్తికెత్తుకోనక్కర్లేదు. ప్రతి ప్రాజెక్టుకూ మార్పులు ఆమోదించే అధికారి ఒక్కరే ఉండాలి, ఆ ఆమోదం రాతలో ఉండాలి. కాన్ఫరెన్స్ హాల్లో డెమో చూసి సంతకం పెట్టేయకుండా, రోజూ వాడబోయే ఆపరేటర్లను కూర్చోబెట్టి పరీక్షించాలి. పెద్ద లోపం బయటపడితే దాని మూలకారణం రాసిచ్చేదాకా తర్వాతి బిల్లు ఆపండి. చిన్న పనులకు మాత్రం లెవెల్ షరతే ఎత్తేయండి. అప్రైజల్ ఖర్చు చిన్న కంపెనీలు భరించలేవు.

ఇదంతా కుదరడానికి టైమ్ పడుతుంది. యూనిట్ పేరు, అప్రైజల్ గడువు అడిగే గడిని మాత్రం వచ్చే టెండర్ ఫారంలోనే పెట్టించండి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్, హైదరాబాద్