బెంగళూరులో ఉన్న బుజ్జికి

చి. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్న మోకాలి సంగతి షరా మామూలే. ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, వాట్సాప్‌లో రాస్తే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. వేలిముద్ర వేసే చదువా మేము నీకు చెప్పించింది? అందుకే కాగితం తీశాను.

విశేషమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను. చెన్నైలో వానలు మొదలయ్యాయి. ఎప్పటిలాగే మన వీధి చివర నీళ్ళు నిలిచాయి. కింది పోర్షన్ మామి మనవడికి నీ పాత ఫిజిక్స్ పుస్తకాలు ఇచ్చేశాను, మార్జిన్లలో నువ్వు మాస్టారిని తిట్టుకున్న తిట్లు చెరిపేసి మరీ. అన్నట్టు, స్కూటీ సర్వీసింగ్ చేయించావా? వానల్లో బ్రేకులు సరిగ్గా పట్టవు.

మొన్న శుక్రవారం పద్మత్త వచ్చింది. సందీప్ అక్కడి నుంచి ఏదో చెప్పాడట. ఆవిడ మాటలు చెవిన వేసుకోవడం గూడూరు పెళ్ళి నాడే మానేశాను. కాబట్టి ఏమందో ఇక్కడ రాయను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వూ నాన్నా వాదించుకున్నారు కదా, చెరువులో మునిగిపోతున్న పిల్లవాడి గురించి. కళ్ళముందు పసివాడు మునుగుతుంటే చెప్పులు పాడవుతాయని ఆగం, మరి ఎక్కడో ఆఫ్రికాలో మలేరియాతో పోయే పిల్లవాడికి దోమతెర కొనడానికి దూరం ఎందుకు అడ్డు రావాలి అన్నావు. "ముందు మన వీధి సంగతి చూడు" అని నాన్న లేచి వెళ్ళిపోయారు. నేను గారెల పిండిలో చెయ్యి పెట్టుకుని ఉన్నాను, ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను. అంతవరకు నువ్వే రైటు. ఆ తత్వవేత్త పీటర్ సింగర్ 1972లో ఆ మాట రాసింది బంగ్లాదేశ్ శరణార్థుల ఆకలి చూసి అని నువ్వే చెప్పావు. అంటే ఆయనకు దూరపు పిల్లలు మనకు పొరుగింటి పిల్లలే! ఈ మాట నాన్నకు చెబితే పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆక్స్‌ఫర్డ్‌లో 2009లో మొదలైందన్నావే, జీతంలో పది శాతం ఇస్తామని మాట ఇవ్వడం, అది కూడా నాకు వింతగా లేదు. పది శాతం వరకు ఎవరికీ వింతగా ఉండదు. ఆ పైన ఎంత అన్నదే.

నానమ్మ ఉన్నన్నాళ్ళూ డొక్కా సీతమ్మ గారి కథ చెప్పేది, నీకు గుర్తుండే ఉంటుంది. గోదావరి మధ్య లంక గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్ళకల్లా వండి పెట్టిన తల్లి. అంతర్వేది తీర్థానికి బయల్దేరి, దారిలో ఎవరో ఆకలిగా తన ఇంటికే వస్తున్నారని విని వెనక్కి మళ్ళిందని చెబుతారు. ఇప్పుడు ఆంధ్రలో బడి భోజనానికి కూడా ఆవిడ పేరే పెట్టారు. కానీ నానమ్మ ఎప్పుడూ ఒక సంగతి దాటేసేది. ఆ పొయ్యి వెనక ఆవిడ భర్త జోగన్న గారి పొలాలున్నాయి. ధాన్యం ఇంటికి వచ్చేది కాబట్టి అన్నం బయటికి వెళ్ళేది. ఆ ధాన్యం సంగతి నేను మాత్రం దాటెయ్యలేను, లెక్కలు రాసి బతికినదాన్ని.

నువ్వు నన్ను ఆఫీసు నుంచి తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు అడిగేదానివి, టీ నగర్‌లో టీ అంటే ఏమిటని. త్యాగరాయ చెట్టి గారు, మన తెలుగాయనే. ఆయన కార్పొరేషన్ ప్రెసిడెంట్‌గా ఉండగా 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు టిఫిన్ పెట్టించారు, తలకి రోజుకు అణాకి మించకుండా. ఎలిమెంటరీ విద్యా నిధి నుంచి తిండికి ఖర్చు పెట్టకూడదని తెల్లవాళ్ళ సర్కారు అభ్యంతరం చెబితే 1925లో అది ఆగింది. తర్వాత 1956లో కామరాజ్ గారు రాష్ట్రమంతా మొదలుపెట్టారు, 1982లో ఎంజీఆర్ ఇంకా పెంచారు. మధ్యలో ఎన్నేళ్ళ పాటు ఎంతమంది పిల్లలు ఆకలితో ఉండిపోయారో చూడు. వంట తెలియక కాదు, ఆ అణా ఏ పద్దులో రాయాలో తేలక. పచ్చయ్యప్ప మొదలియార్ గారి సంగతీ అంతే. ఆయన 1794లో పోయారు, ధర్మానికి రాసిన డబ్బు కోర్టుల్లో నలిగి నలిగి బడి తెరిచేసరికి 1842. దాతల మనసులో లోటేమీ లేదు. డబ్బు వెనక ఎవరు కూర్చుంటారు, వాళ్ళకు జీతం ఎవరిస్తారు అన్న దగ్గరే అంతా చిక్కు.

దీనికొకటి చెప్పాలి నీకు. మా ఆఫీసులో ట్రస్టుల ఫైళ్ళన్నీ నా బల్ల మీదకే వచ్చేవి. ఉత్తర చెన్నైలో ఒక చిన్న ధర్మ డయాలసిస్ సెంటర్ ఉండేది, పేరు రాయను. ఆస్తుల రిజిస్టర్ సరిచూడమని మా ఆడిటర్ గారు ఒకసారి నన్ను పంపారు. నాలుగు మిషన్లున్నాయి, లెక్క సరిపోయింది. ఒక్కో మిషన్ పక్కన గోడకి ఇత్తడి పలక, ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారు అని. చింతపండుతో తోమినట్టు తళతళలాడుతున్నాయి. నడుస్తున్నవి మాత్రం రెండే. మిగతా రెండింటికీ దుప్పట్లు కప్పి ఉంచారు, ఒక దుప్పటి మీద కార్టూన్ ఎలుకలు.

ఏమయ్యాయని మేనేజర్‌ని అడిగాను. మిషన్లకేం, కొత్తవే. టెక్నీషియన్ లేడు. ఉన్నతను రెట్టింపు జీతం ఇస్తారని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటులో మెంబ్రేన్ మార్చాలి, దానికీ డబ్బు లేదు. ఒక్క మనిషికి ఒక్కసారి డయాలసిస్ చెయ్యడానికి సుమారు నూట ఇరవై లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు కావాలి, మామూలు నీళ్ళు పెడితే ప్రాణం మీదకి వస్తుంది. అదీ ఒకసారితో అయిపోయేది కాదు, వారానికి రెండు మూడుసార్లు, జన్మంతా. మిషన్ ఇస్తామనే దాతలు ఇంకా వెయిటింగ్‌లో ఉన్నారని మేనేజర్ గొప్పగా చెప్పాడు. టెక్నీషియన్ జీతం ఇచ్చేవాళ్ళు? నవ్వాడు. జీతానికి పలక ఎక్కడ కొడతామండీ అన్నాడు. వాళ్ళ బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో ఉంది, మా అడ్మిన్ ఖర్చు మూడు శాతమే అని. అది చూసే దాతలు మురిసిపోయి చెక్కు రాసేవాళ్ళు. ఆ మూడు శాతం పుణ్యమే ఆ ఎలుకల దుప్పటి.

అక్కడికి ఒక పెద్దాయన వచ్చేవారు, పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో రిటైరైనాయన, మన నెల్లూరు వైపు వాళ్ళే. భార్యకు అక్కడే డయాలసిస్ చేయించారు, ఆవిడ పోయారు. గంటల తరబడి ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి కాబట్టి అక్కడ ఏది లేదో ఆయనకు తెలుసు. పెన్షన్ పడగానే వచ్చి, ముందు హాజరు పట్టీ తీయించి చూసేవారు, టెక్నీషియన్ ఎన్నాళ్ళు వచ్చాడా అని. ఆ తర్వాతే డబ్బు తీసేవారు. రసీదులో "సాధారణ విరాళం" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "టెక్నీషియన్ జీతం నిమిత్తం" అని రాసేదాకా కదిలేవారు కాదు. ఒకసారి నా ముందే మూడు రసీదులు కొట్టేయించారు, కార్బన్ పేపర్ సరిగ్గా పెట్టలేదని. ఈయన దాతా, ఇన్‌స్పెక్టరా అని గుమాస్తా గొణుక్కున్నాడు. ఆ తర్వాత తనతో పనిచేసిన పెన్షనర్లను కూడా పోగేశారు. నేను మళ్ళీ వెళ్ళేసరికి మూడో మిషన్ నడుస్తోంది. నాలుగోదానికి దుప్పటి అలాగే ఉంది, దాత ఫోటో దిగడానికి వచ్చిన రోజు తప్ప. ఆ వాక్యం నా నోట్‌లో రాస్తే మా ఆడిటర్ గారు "వినియోగం మెరుగుపరచవలసి ఉన్నది" అని మార్చారు.

ఇంత ఎందుకు రాశానంటే, నువ్వు ఎవరికి ఇచ్చినా వాళ్ళ అడ్మిన్ శాతం చూసి మోసపోకు. విదేశీ డబ్బు తీసుకునే సంస్థలకు 2020లో ప్రభుత్వమే ఆ ఖర్చు యాభై శాతం నుంచి ఇరవైకి కుదించింది. కుదించడం తేలిక, ఆ ఇరవైలో మంచి అకౌంటెంట్‌ని నిలబెట్టుకోవడం కష్టం. జీతాలకు ఎంత పెడుతున్నారు అని అడుగు. పోయినేడు ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని అడుగు. చేసి చూసి, పనికిరాదని ఆపేసింది ఏదైనా ఉందా అని అడుగు. దానికి తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళకు కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు. దోమతెరల వాళ్ళని కూడా ఇదే అడుగు, తెర పంచాక ఇంట్లో కట్టారో లేదో ఎవరు వెళ్ళి చూస్తున్నారని. ఇచ్చేది ఏదైనా ఏడాదికే ఆపకుండా నాలుగేళ్ళు ఇవ్వు. వాళ్ళు మనిషిని పెట్టుకోగలిగేది అప్పుడే.

నాలుగేళ్ళు ఇవ్వాలంటే నీ దగ్గర ఉండాలి. మీ ఊళ్ళో విప్రో ప్రేమ్‌జీ గారు 2019 నాటికి లక్షా నలభై అయిదు వేల కోట్ల విలువైన ఆస్తి ఫౌండేషన్‌కి రాసిచ్చారు, చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే. కానీ మర్నాడు ఆయన గ్యాస్ సిలిండర్‌కి వెతుక్కోనక్కర్లేదు. నీ సంగతి అది కాదు. ఆరు నెలల ఖర్చు విడిగా పెట్టుకున్నావా? హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిందే ఉందా, సొంతంగా తీసుకున్నావా? కంపెనీది ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళాల మీద పన్ను మినహాయింపు ఉండదు, అది వస్తుందన్న ధీమాతో లెక్కలు వేసుకోకు. పాత విధానమైతే నగదుగా రెండు వేలు దాటి ఇచ్చింది లెక్కలోకి రాదు, యూపీఐలో పంపు. రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టు, ఫోన్ గ్యాలరీలో కాదు. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, ఇదిగో ఇలా అయింది.

సరే, రాసేస్తాను. నువ్వు స్కూటీ అమ్మేశావని సందీప్ చెప్పాడట. ఫ్లాట్ వదిలేసి ముగ్గురు షేరింగ్ ఉన్న పీజీకి మారావని, జీతంలో సగం ఎవరికో పంపుతున్నావని, రాత్రిళ్ళు అటుకులు తిని పడుకుంటున్నావని. ఇందులో ఏది నిజమో, ఏది పద్మత్త కలిపిందో నాకు తెలియదు. నాన్నకు ఇంకా చెప్పలేదు. చెబితే రాత్రికి రాత్రే బస్సెక్కేస్తారు, ఆ మోకాలితో.

ఎంత ఇస్తున్నావో నేను అడగను. నీ జీతం, నీ ఇష్టం. ఎంత? సగం అయితే తగ్గించు. పాతిక అయితే మాట్లాడుకుందాం. పదైతే ఇంకేమీ అనను, నెలకు కొంత నా పెన్షన్‌లోంచి కూడా కలుపుతాను, ఎవరికో నువ్వే చెప్పు. స్కూటీ నిజంగా అమ్మితే ఆర్సీ కొన్నవాళ్ళ పేరు మీదకు మారిందో లేదో చూసుకో. వాళ్ళు ఎవరినైనా గుద్దితే పోలీసులు వచ్చేది నీ దగ్గరికే.

పక్కింటి సుమతి గారి అబ్బాయి బుధవారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు, అతనితో ఈ ఉత్తరమూ, సంచీ పంపుతున్నాను. కంది పొడి, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి, నెయ్యి ఉన్నాయి. పీజీలో ఉన్నా ఫ్లాట్‌లో ఉన్నా అన్నం వండుకోవడానికి చిన్న రైస్ కుక్కర్ కూడా పెట్టాను. పీజీలో కుక్కర్ పెట్టనివ్వరు అంటే ఆ మాట నాకు ఫోన్ చేసి చెప్పు, అప్పుడు నాకు అర్థమైపోతుంది. థైరాయిడ్ టెస్ట్ చేయించి రిపోర్టు పంపు, ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వు. నెయ్యి సీసా మూత కొంచెం లూజుగా ఉంది, పక్కకి పడుకోబెట్టకుండా నిలబెట్టే ఉంచు.

అమ్మ