వార్షిక నివేదిక: పన్ను తీసిన చోట ఎముకను కాపాడుకోవడం

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడచిన ఏడాది మన కాలనీ వయోవృద్ధుల సంఘం చేపట్టిన పనులలో, పన్ను తీయించుకున్న తరువాత దవడ ఎముక తరిగిపోకుండా చూసుకోవడంపై జరిపిన అవగాహన సమావేశాల గురించే ఈ నివేదికలో వివరంగా రాస్తున్నాను. కంటి, షుగర్ పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం.

ఈ విషయాన్ని ఎంచుకోవడానికి నా అనుభవమే కారణం. కొన్నేళ్ల క్రితం ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌లో కింది దవడ పన్ను పీకించుకున్నాను. దూది కరిచి పట్టుకోమని, మందుల చీటీ చేతికిచ్చి పంపేశారు. ఎముక మాట వాళ్లు ఎత్తలేదు, నాకూ అడగాలని తెలియదు. తరువాత ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) కోసం వెళితే, ఆ చోట ఎముక కత్తి అంచులా సన్నబడిందని స్కాన్‌లో తేలింది. మన సభ్యులలో మరొకరికి ఈ బాధ రాకూడదన్నదే నా తాపత్రయం.

పన్ను తీసిన గుంటలో మొదట రక్తం గడ్డకడుతుంది, వారం తిరిగేసరికి ఆ గడ్డ స్థానంలో లేత కణజాలం చేరుతుంది, ఒకటి రెండు నెలల్లో లేత ఎముక అల్లుకుంటుంది. అయితే లోపల ఎముక పుడుతున్న ఆ రోజుల్లోనే బయటివైపు గోడ కరిగిపోతుంది. పంటి వేరును అంటిపెట్టుకున్న పలుచని ఎముక పొర పన్ను ఉన్నంతవరకే నిలుస్తుంది. పైగా ముందు పళ్ల దగ్గర ఆ గోడ మందం చాలామందిలో 1 మిల్లీమీటరు కూడా ఉండదు. తొలి 12 నెలల్లో ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుందని, అందులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే పోతుందని అధ్యయనాలు చూపాయి. అందుకే ఈ సంగతి పన్ను తీసే ముందే మాట్లాడుకోవాలి.

సమావేశానికి వచ్చిన దంతవైద్యురాలు ఎముక తరగకుండా ఆ గుంటలో నింపే గ్రాఫ్ట్ పొడిని చిన్న గాజుసీసాలోంచి మా అరచేతుల్లో పోసి చూపించారు. చూడటానికి అచ్చం బొంబాయి రవ్వే. ఈ పలుకులు ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటివని, రక్తనాళాలు, కణాలు వాటి సందుల్లోకి పాకి మన ఎముకను మనమే కట్టుకుంటామని ఆవిడ చెప్పిన తీరు అందరికీ అర్థమైంది. పొడి నింపి, పైన పలుచని పొర కప్పి, కుట్లు వేసి, సాధారణంగా 4 నుంచి 6 నెలలు ఆగి ఇంప్లాంట్ పెడతారు. మన రక్తాన్నే యంత్రంలో వేగంగా తిప్పి తీసే, జున్నుముక్కలా ఉండే పీఆర్ఎఫ్ అనే పదార్థాన్ని కూడా కొందరు వాడతారు. ఆ పద్ధతి 2001లో ఫ్రాన్స్‌లో వెలువడింది.

అన్నిటికన్నా ఎక్కువ చర్చ పొడి దేనితో తయారవుతుందన్న దానిపైనే సాగింది. రోగి సొంత ఎముక, దాతల ఎముక, పశువుల ఎముక నుంచి శుద్ధి చేసినది, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటి కృత్రిమ పదార్థం అని నాలుగు రకాలున్నాయి. ఎక్కువగా వాడే వాటిలో ఆవుజాతి పశువుల ఎముకతో చేసినది ఒకటి, పైన కప్పే కొల్లాజెన్ (ఒక రకం మాంసకృత్తు) పొరలు కొన్ని పంది నుంచి వస్తాయి. హిందువులు, ముస్లింలు కలిసి ఉండే మన సంఘంలో ఇది చిన్న విషయం కాదు. ఏది వాడుతున్నారో ముందే అడిగి తెలుసుకోవడం రోగి హక్కని, అభ్యంతరం ఉంటే కృత్రిమ రకాన్ని కోరవచ్చని మా అందరి అభిప్రాయం.

గ్రాఫ్ట్ వేస్తే ఎముక తరుగుదల తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. అందరికీ అవసరమూ కాదు. పొగతాగేవారిలో, షుగర్ అదుపులో లేనివారిలో గాయం మానడం ఆలస్యమవుతుంది. ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫోనేట్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకునేవారు ఆ సంగతి పన్ను తీయకముందే తప్పనిసరిగా చెప్పాలి. అరుదుగానైనా దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. రక్తం పలుచబడే మందులను సొంతంగా ఆపవద్దు. మొదటి రోజుల్లో ఒకటి రెండు గ్రాఫ్ట్ పలుకులు నోట్లోకి రాలితే కంగారు పడనక్కర్లేదు. మరొకరి అభిప్రాయం కావాలన్నవారికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లమని సూచించాం.

దంతవైద్యుడిని అడగవలసిన ప్రశ్నలతో తెలుగులో ఒక చీటీ అచ్చువేయించి కార్యాలయం బల్లమీద ఉంచాం. ఉర్దూ ప్రతిని మన సభ్యురాలు ఒకరు రాస్తున్నారు. పన్ను తీయించుకోబోయేవారు ఒక చీటీ జేబులో వేసుకుని వెళ్లవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి