ఫోనుకేం తెలుసు నాన్న కడుపు సంగతి

కందుకూరు,
ఆదివారం

ఒరేయ్ రమణా,

ఫోన్లు ఎత్తడం లేదని తిట్టుకుంటూ ఉంటావు. పది రోజులు ఒంగోలు ఆసుపత్రిలోనే ఉన్నానురా. నాన్నకి పొట్టలో చిల్లు పడింది. మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో కొనుక్కుని ఏళ్ళ తరబడి మింగిన బిళ్ళలే పుండు చేశాయట. ముందు ఇక్కడ చూపిస్తే గ్యాసని ఇంజక్షన్ వేసి పంపేశారు. తెల్లారేసరికి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. మనల్ని ఏ జిల్లాలో కలిపినా, ప్రాణం మీదకొస్తే మన బండి ఒంగోలుకే తిరుగుతుంది కదా!

ఎక్స్‌రేలో ఆ చిల్లులోంచి బయటికొచ్చిన గాలి కనబడగానే ఆపరేషన్ అన్నారు. ఇంతలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఫోను తీసి ఏవో నొక్కుతున్నాడు. వాట్సాప్ అనుకుని నాకు ఒళ్ళు మండింది. కాదట, పాటర్ అనే యాప్. 2018లో అమెరికా డాక్టర్లు దాని గురించి బయటపెట్టారు. అక్కడ అర్జెంటుగా ఆపరేషన్లు జరిగిన 3.8 లక్షల మంది వివరాలతో దానికి నేర్పారట. ఒక్కో సంగతీ అడుగుతుంది, మన జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, చివర్లో ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ప్రమాదం నూటికి ఎంతో చెప్తుంది.

నాన్న ఆ నొప్పిలోనూ ఊరుకోలేదు. "అన్ని లక్షల్లో మన కందుకూరోడు ఒక్కడన్నా ఉన్నాడా?" అన్నాడు. కుర్రాడు నీళ్ళు నమిలాడు. పెద్ద సర్జన్ నవ్వి, "అందుకే పెద్దాయనా, నేనూ దాన్ని పూర్తిగా నమ్మను" అంటూ పొట్ట మీద చెయ్యేసి నిదానంగా చూశాడు. నాన్న సరేనన్నది ఆ చేతికిరా, ఫోనుకి కాదు.

తర్వాత ఆ సర్జన్ నన్ను పక్కకి పిలిచి అంకె చెప్పాడు. "ఐసీయూ ముందే సిద్ధం చేసుకోవడానికి, మీ దగ్గర దాచకుండా మాట్లాడటానికి ఇది పనికొస్తుంది. కొయ్యాలా వద్దా అన్నది మాత్రం నా పూచీ" అన్నాడు. కాళ్ళు వణికాయి. కానీ "హై రిస్క్, సంతకం పెట్టండి" అంటారు చూడు, దానికన్నా నయమనిపించింది. ఎంత హై అని ఎవరు చెప్తారు మనకి? అదే అంకె ఫోను చేతికిచ్చి చూసుకోమంటే మాత్రం అక్కడే కూలబడేవాణ్ణి.

మత్తు డాక్టరమ్మకి ఇదంతా గిట్టలేదు. "రేపు లెక్క తప్పితే కేసు ఫోను మీద వేస్తారా?" అంది. ఆవిడ మాటా కొట్టిపారెయ్యలేం.

నాన్న ఇప్పుడు జావ తాగుతున్నాడు, ఉప్పు చాల్లేదని అమ్మతో గొడవ కూడా పడుతున్నాడు. రోజూ "ఆ ఫోను నాకెన్ని మార్కులేసిందిరా?" అని అడుగుతాడు. నేనింకా చెప్పలేదు. సంక్రాంతికి వస్తావుగా, నీకు చెప్తా. ఆయన ముందు మాత్రం నోరు జారకు.

నీ
శీను