వార్షిక నివేదిక: మన కోచ్ గారికి నివాళితో

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా ఈ నివేదిక జమాఖర్చులతో మొదలవుతుంది. ఈసారి వరస మార్చాం. పిల్లల వాలీబాల్ శిక్షణను మొదలుపెట్టి చివరిదాకా తన భుజాల మీద మోసిన మన కోచ్ గారు ఈ ఏడాది కన్నుమూశారు. ఆ తర్వాత సంఘం చేసిన పనుల్లో చాలావరకు ఆయన శిక్షణ ఆగిపోకుండా చూసుకోవడానికి చేసినవే. కుటుంబ సభ్యుల కోరిక మేరకు పేరు, ఫొటో లేకుండా రాస్తున్నాం. ఎవరి గురించో మీకు వేరే చెప్పక్కర్లేదు.

శిక్షణ మొదలైన కొత్తలో ఆయన చేసిన మొదటి పని నెట్ కిందికి దించడం. పెద్దవాళ్ల పోటీల్లో నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. పదేళ్ల పిల్లలు ఆ నెట్ మీదుగా బంతి పంపాలంటే ఒళ్లంతా విసరాల్సిందే. భుజం పట్టేస్తుంది, చెయ్యి వంకర అలవాటు నేర్చుకుంటుంది, కొన్నాళ్లకు ఆట మీద ఆశే పోతుంది. అందుకని పోస్టులకు కిందుగా ఇంకో కొక్కెం వేయించి, పిల్లలు చెయ్యి పైకి చాపితే అందేంత ఎత్తులో నెట్ కట్టించారు. తేలికపాటి బంతులు తెప్పించారు. సర్వీసు కూడా ముందు అండర్‌హ్యాండే, అదీ కోర్టు మధ్యలోంచి. నిలకడగా పడుతున్నకొద్దీ ఒక్కో అడుగు వెనక్కి జరిపేవారు. ఇలా నేర్పితే అసలు ఆట ఎప్పుడొస్తుందని కొందరు తల్లిదండ్రులు గట్టిగానే అడిగారు. 1895లో విలియం మోర్గన్ ఈ ఆటను తయారుచేసినప్పుడు నెట్ కట్టింది ఆరడుగుల ఆరంగుళాల ఎత్తులోనే అని ఆయన ఓపిగ్గా చెప్పేవారు. ఆట మనిషికి అందాలి, ఆ తర్వాతే మనిషి ఆటకు అందుతాడు అన్నది ఆయన నమ్మకం. ఆ నమ్మకం సరైనదేనని ఆ కోర్టులో పెరిగిన పిల్లల్ని చూసిన మేం చెప్పగలం.

పొడుగ్గా ఉన్నవాళ్లను స్మాష్‌కి, పొట్టివాళ్లను లిఫ్టింగ్‌కి, అంటే స్మాష్ కొట్టేవాళ్లకు బంతి పైకి లేపి ఇవ్వడానికి, అని చిన్నప్పుడే విడదీయడం ఆయనకు అస్సలు నచ్చేది కాదు. ఒకరు ముందు పెరుగుతారు, ఒకరు ఆలస్యంగా పెరుగుతారు. పన్నెండేళ్లప్పటి ఎత్తు చూసి ఎవరి స్థానమూ ఖాయం చేయకూడదనేవారు. అందుకే చిన్న బ్యాచ్‌లో అందరూ అన్ని స్థానాల్లో ఆడేవాళ్లు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి అని ఎవరైనా అంటే ఆ రోజు నుంచి గెంతులు బంద్. అలాగని ఇంటికి పంపేసేవారు కాదు. వాళ్లు కోర్టు పక్కన కూర్చుని స్కోరు రాయాలి, నిలబడి పాసులు ఇవ్వాలి. జట్టు నుంచి దూరమయ్యామన్న బాధ పిల్లలకు నొప్పికన్నా పెద్దదని ఆయనకు తెలుసు.

ఇక ఆ బూట్ల సంచి. పెద్ద పిల్లలకు పొట్టివైపోయిన బూట్లు అడిగి తీసుకుని, ఉతికి ఆరబెట్టి, లోపలి నాలిక మీద మార్కర్‌తో సైజు రాసి పెట్టుకునేవారు. బూట్లు లేక ఎవరైనా ప్రాక్టీసు మానేస్తున్నారని అనుమానమొస్తే, అందరూ వెళ్లాక ఆ పిల్లల్ని పిలిచి సంచి చూపించేవారు. ఎవరు తీసుకున్నారో సాటి పిల్లలకు తెలియనిచ్చేవారు కాదు. ఈ ఏడాది ఆ సంచి స్థానంలో సామాన్ల గదిలో ఒక బీరువా పెట్టాం. తీసుకున్నవాళ్ల పేరు రాయించే పుస్తకం మాత్రం పెట్టలేదు, పెట్టం.

తండ్రిగా ఆయన ఎలాంటివారో సంస్మరణ సభలో పిల్లలిద్దరూ చెప్పేదాకా మాకూ పూర్తిగా తెలియదు. కూతురు ఆయన జట్టులోనే ఆడింది. వరసగా సర్వీసులు తప్పినప్పుడు మిగతావాళ్లలాగే ఆమెనూ బెంచి మీద కూర్చోబెట్టారు. కానీ ఇంటికి వెళ్లే దారిలో ఆమె ఎత్తితే తప్ప మ్యాచ్ మాట ఎత్తేవారు కాదట. ఓడిన రోజు కూడా స్కూలు కబుర్లే. అబ్బాయికి ఆటల మీద ఇష్టం లేదు, బొమ్మలు వేసుకునేవాడు. ఆదివారం ప్రాక్టీసు ఎందుకు ఉండదని మనలో చాలామంది అడిగాం కదా. ఎదిగే పిల్లల ఒంటికి వారంలో కనీసం ఒక రోజు విశ్రాంతి కావాలన్నది ఒక కారణం, అది ఆయన మనకు చెప్పారు. కొడుకుని డ్రాయింగ్ క్లాసుకి తీసుకెళ్లి, అయ్యేదాకా అక్కడే కూర్చోవడం రెండో కారణం. అది చెప్పలేదు. ఒకసారి టోర్నమెంటు ఫైనల్, అబ్బాయి బొమ్మల ప్రదర్శన ఒకే రోజు పడ్డాయి. జట్టును సహాయ కోచ్‌కి అప్పగించి ఆయన ప్రదర్శనకే వెళ్లారు. అప్పట్లో కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. సభలో ఆ అబ్బాయి ఆ రోజు గురించి మాట్లాడుతుంటే అందరి కళ్లూ చెమర్చాయి.

ఆయన ఎప్పటినుంచో అడుగుతున్న సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ ఈ ఏడాది జరిపించాం. కోర్టు దగ్గర బాధ్యత తీసుకునే పెద్దలందరూ బొమ్మ మీద సాధన చేశారు: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కడం. చూడ్డానికి తేలికే గానీ రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, అందుకే మనిషి మారుతూ ఉండాలని నేర్పారు. తలకు దెబ్బ తగిలి కాస్త అనుమానంగా ఉన్నా ఆ రోజు మళ్లీ ఆడించకూడదన్నది, పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలన్నది ఆయన పాటించిన పద్ధతులే. వాటిని ఇప్పుడు రాతపూర్వక నియమాలు చేశాం.

మిగతావి క్లుప్తంగా. సర్వసభ్య సమావేశం సజావుగా జరిగింది. లెక్కలు ఆడిట్ అయ్యాయి, పట్టిక విడిగా జతచేశాం. గ్రంథాలయం వేళలు మారలేదు. వాన నీరు నిలిచే మూల బాగుచేత మిగిలి ఉంది.

చిన్న పిల్లల బ్యాచ్‌ను ఆయన కూతురు తీసుకున్నారు. పెద్ద బ్యాచ్‌ను సహాయ కోచ్ నడిపిస్తున్నారు. ఇద్దరు పెద్దల నియమం తప్పకూడదంటే సాయంత్రాలు వచ్చే సభ్యులు ఇంకా కావాలి. ఆట రాకపోయినా ఫరవాలేదు, టైముకి వస్తే చాలు. వీలున్నవారు వచ్చే సమావేశంలోపు కార్యదర్శికి పేరు ఇవ్వండి. పొట్టివైపోయిన బూట్లుంటే అవి కూడా పట్టుకురండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున