మధూ, ఆ ప్యాడ్లు మెడ వెనకే

ఒరేయ్ మధూ,

థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక మెడ వెనక నొప్పి పట్టుకుందనీ, దానికి టెన్స్ మెషీన్ (చర్మం మీద నుంచి చిన్న కరెంటు పంపి నొప్పి తగ్గించే పెట్టె) పనిచేస్తుందా అనీ నువ్వు పెట్టిన మెసేజ్ చూసి వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ గొంతు ఇంకా బొంగురుగానే ఉందన్నావు కదా, నిన్ను గంటసేపు మాట్లాడించడం ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెడ వంచి మాత్రం చదవకు, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకో.

కోత పెట్టింది ముందువైపైతే నొప్పి వెనకవైపు ఎందుకు వస్తోంది, ఏదో తేడా జరిగిందేమోనని టెన్షన్ పడుతున్నావు. ఇది చాలామందికి వస్తుందిరా. ఫిజియోథెరపీలో ఉన్నాను కాబట్టి థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళని చూస్తూనే ఉంటాను, కుట్లకన్నా మెడ వెనక పట్టేయడమే ఎక్కువ బాధపెడుతోందని చెప్పేవాళ్ళు వాళ్ళలో ఎప్పుడూ ఉంటారు. కారణం ఆపరేషన్ టేబుల్ మీద నిన్ను పడుకోబెట్టిన తీరు. థైరాయిడ్ గ్రంథి మెడలో బాగా కిందుగా, గాలిగొట్టానికి ఆనుకుని ఉంటుంది. అది డాక్టర్ చేతికి అందాలంటే భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చాలి. మెలకువగా ఉన్న మనిషిని అలా పడుకోబెడితే కాసేపటికే మెడ లాగేస్తోందని తల అటూ ఇటూ కదిలించేస్తాడు. మత్తులో ఆ కదలిక ఉండదు, కండలు కూడా పూర్తిగా సడలిపోయి ఉంటాయి, దాంతో ఆ వంపు భారమంతా మెడ ఎముకల మధ్య ఉన్న చిన్న చిన్న కీళ్ళ మీదా, వాటిని పట్టి ఉంచే కండల మీదా పడుతుంది, అదీ ఆపరేషన్ అయ్యేదాకా. తల వెనక భాగంలో నొప్పి, వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య బిగుతు అన్నావే, అవీ అక్కణ్ణుంచి వచ్చేవే.

ఇంటికొచ్చాక మనం చేసేది ఇంకొకటి ఉంది. కుట్లు ఎక్కడ విడిపోతాయోనన్న భయంతో భుజాలు పైకి ఎత్తి, గడ్డం ముందుకు పెట్టి, మెడ కదలకుండా బిగబట్టుకుని కూర్చుంటాం. అప్పుడు ఆ నొచ్చిన కండలకి రోజంతా విశ్రాంతే ఉండదు. నొప్పి అని కదల్చం, కదల్చకపోతే ఇంకా బిగుస్తుంది. టెన్స్ మెషీన్ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. అది నొప్పిని నయం చేసే యంత్రం కాదు. కాసేపు నొప్పి తగ్గించి, ఆ కాసేపట్లో నీ చేత మెడ కదిలించే యంత్రం. అలా వాడితేనే దాని విలువ.

పనిచేసే పద్ధతి చెప్తాను, తెలిస్తే భయం పోతుంది. బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె, దానికి తీగలు, తీగల చివర జిగురు ప్యాడ్లు. చర్మం మీద నుంచి నరాలకి చిన్న చిన్న కరెంటు పల్స్‌లు పంపిస్తుంది. మోకాలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, రుద్దితే కొంచెం హాయిగా ఎందుకుంటుందో 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. స్పర్శని మోసే లావు నరపోగులు చురుగ్గా ఉంటే, నొప్పిని మోసే సన్నపోగుల కబురు వెన్నుపాము దగ్గరే చాలావరకు ఆగిపోతుంది, అక్కడొక గేటు ఉన్నట్టు. టెన్స్ ఆ లావు పోగుల్నే కదిలిస్తుంది. దీనికితోడు శరీరంలో సహజంగా ఉండే నొప్పి తగ్గించే వ్యవస్థ కూడా మేలుకుంటుందని తర్వాత తేలింది. కరెంటుతో నొప్పి తగ్గించడం మాత్రం కొత్త సంగతి కాదు, దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి కరెంటు కొట్టే చేపని పెట్టమని రాశాడు!

మరి నిజంగా పనిచేస్తుందా అన్నావు. 2022లో టెన్స్ మీద జరిగిన 381 ప్రయోగాలని సమీక్షించి చూస్తే, టెన్స్ పెట్టుకున్నప్పుడూ తీసేసిన వెంటనే కూడా నొప్పి తీవ్రత ఉత్తుత్తి మెషీన్ పెట్టుకున్నవాళ్ళకన్నా తక్కువగా ఉందని తేలింది. నీ ఆపరేషన్‌కి సంబంధించినదే ఒకటి ఉంది. 2015లో కొరియా వైద్యులు థైరాయిడ్ ఆపరేషన్ జరుగుతుండగానే మెడ నుంచి భుజాలకి పరుచుకుని ఉండే ట్రెపీజియస్ కండ మీద ప్యాడ్లు పెట్టి చూశారు, వాళ్ళకి మొదటి రోజు మెడ వెనక నొప్పి తక్కువగా ఉంది. నాకు ఇది చాలా నచ్చింది, నొప్పి పుట్టే చోటే ముందుగా అడ్డుపడటం. నీకు ఆ సమయం దాటిపోయింది, పర్లేదు, ఇప్పుడు కూడా ఉపశమనానికి వాడుకోవచ్చు. మెషీన్ ఆపాక ప్రభావం మెల్లగా తగ్గిపోతుంది, అది ముందే తెలుసుకుని ఉండు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ప్యాడ్లు మెడ వెనకా, భుజాల పైభాగంలోనూ మాత్రమే. వెన్నుపూసకి అటొకటి ఇటొకటి, లేదా ఒక్కో భుజం మీద కండ బిగుసుకున్న చోట ఒక జత. రెండు ప్యాడ్లూ ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో కనీసం రెండు వేళ్ళ దూరం ఉండాలి. మెడ ముందువైపు, పక్కలకి అస్సలు వద్దు. కుట్లు ఉన్నాయన్నది ఒక కారణమే. మెడ పక్కన పెద్ద రక్తనాళం దగ్గర బీపీని గమనించే నరాలుంటాయి, వాటికి కరెంటు తగిలితే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. గొంతు కండలు బిగుసుకుని ఊపిరి ఇబ్బంది కావచ్చు. పైగా కోత చుట్టూ చర్మం మొద్దుబారి ఉంటుంది, అక్కడ కరెంటు ఎంత పెంచావో నీకే తెలియదు.

నాకు ఎవరైనా కోపం తెప్పిస్తారంటే, నొప్పి ఎక్కడుంటే అక్కడ పెట్టేసుకో అని సలహా ఇచ్చేవాళ్ళే. ఎవరు చెప్పినా వినకు.

సెట్టింగ్ విషయానికొస్తే 80 నుంచి 100 హెర్ట్జ్ (అంటే సెకనుకి అన్ని పల్స్‌లు) మధ్య పెట్టుకో, 20 నుంచి 30 నిమిషాలు. కరెంటు మెల్లగా పెంచుతూ వెళ్ళు, చిమచిమ గట్టిగా తెలియాలి కానీ నొప్పి పుట్టకూడదు. మరీ సన్నగా పెట్టుకుని లాభం లేదని చెప్తున్నా, చాలామంది భయపడి అక్కడే ఆగిపోయి మెషీన్ పనిచేయలేదంటారు. కొన్ని నిమిషాల తర్వాత అలవాటై చిమచిమ తగ్గినట్టు అనిపిస్తే కాస్త పెంచుకో. 2 నుంచి 4 హెర్ట్జ్ మోడ్ కూడా ఉంటుంది, అది కండని టకటకా కొట్టుకునేలా చేస్తుంది, నొచ్చి ఉన్న మెడకి ఇప్పుడే వద్దు. చర్మం మీద నూనె, పెయిన్ బామ్ లేకుండా తుడుచుకుని అంటించు. ప్యాడ్లు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మెషీన్ ఆఫ్‌లోనే ఉండాలి. పెట్టుకుని నిద్రపోవద్దు, బండి నడపొద్దు.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుపెట్టుకో. మెషీన్ చిమచిమ ప్యాడ్ల కిందే ఉంటుంది, ఆపితే పోతుంది. పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లలో చిమచిమలాడినా, చేతులు కొంకర్లు పోతున్నట్టున్నా అది మెషీన్ వల్ల కాదు, రక్తంలో కాల్షియం తగ్గింది. థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఆపరేషన్‌లో దెబ్బతింటే అలా అవుతుంది. వెంటనే డాక్టర్‌కి చెప్పు. మెడ ముందువైపు వాపు పెరిగినా, ఊపిరి బిగపట్టినట్టున్నా అసలు ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్ళిపో. కాల్షియం మాత్ర రాసిచ్చారంటే థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల తేడా ఉంచు, రెండూ కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర సరిగ్గా ఒంటబట్టదు.

నీకు పేస్‌మేకర్ లేదు, మూర్ఛ లేదు, కాబట్టి ఆ రెండు భయాలూ లేవు. ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు. నీ బయాప్సీ రిపోర్ట్ ఇంకా రాలేదు కదా, క్యాన్సర్ కాదని ఇంకా తేలలేదు, అందుకే మెషీన్ ఆన్ చేసేముందు సర్జన్‌తో ఒక మాట అనుకో, ఎక్కడ పెట్టుకుంటావో కూడా చెప్పు. పారాసిటమాల్ ఇచ్చి ఉంటే వాళ్ళు చెప్పినట్టే వేసుకో, టెన్స్ దానికి తోడే కానీ బదులు కాదు.

ఇక మెడ కదిలించే సంగతి. మెషీన్ పెట్టుకుని నొప్పి తగ్గిందనిపించగానే మొదలుపెట్టు. భుజాలు చెవుల దాకా ఎత్తి వదిలేయి, తర్వాత వెనక్కి గుండ్రంగా తిప్పు. గడ్డం మెల్లగా ఛాతీ వైపు దించు, తల కుడికి, ఎడమకి తిప్పు, చెవిని భుజం వైపు వాల్చు. ప్రతిదీ లాగినట్టు తెలిసేదాకానే, నొప్పి దాకా వద్దు. తల బాగా వెనక్కి వాల్చడం మాత్రం సర్జన్ సరేనన్నాకే. కుట్లు విడిపోతాయని భయపడకు, ఈ మాత్రం కదలికకి విడిపోవు. మెడ కదిలించినవాళ్ళే తొందరగా తేరుకుంటారు. నాకు నీమీద ఉన్న బెంగ అంతా నువ్వు భయంతో బొమ్మలా కూర్చుండిపోతావనే.

సర్జన్ సరే అన్నాక ప్యాడ్లు అంటించుకుని, ఆన్ చేయకముందే ఎవరి చేతైనా వెనకనుంచి ఒక ఫోటో తీయించి పంపు. సరైన చోట ఉన్నాయో లేదో చూసి చెప్తాను, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే.

నీ
శ్రీను