మా అమ్మ బేరార్‌లో పుడితే లండన్ వీసా ఎట్లా వస్తుంది?

సంపాదకుడు గారికి,

మా అమ్మ పుట్టింది 1938లో, ఇప్పటి మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా వణి దగ్గర. అప్పట్లో ఆ ప్రాంతాన్ని బేరార్ అనేవాళ్లు. పెళ్లయ్యాక పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ వచ్చింది. మొన్న మా అబ్బాయి హనుమకొండలో ఒక కన్సల్టెన్సీకి పోతే, మీ నానమ్మ బ్రిటిష్ పాలనలో పుట్టింది కాబట్టి యూకే యాన్సెస్ట్రీ వీసా గ్యారంటీ, ఫైల్‌కు 15 వేలు కట్టమన్నారట. వాడొచ్చి ట్రంకుపెట్టె అంతా తిరగేసి, మడతల దగ్గర చిరిగిన ఆమె మరాఠీ స్కూల్ సర్టిఫికెట్ బయటికి తీశాడు.

ముందు, ఆ వీసాకు, కొన్ని మినహాయింపులు తప్ప, తాతో నానమ్మో బ్రిటన్ గడ్డ మీద పుట్టి ఉండాలి. ఇండియాలో వాళ్లు ఏలిన ఊళ్లో పుడితే లెక్కలోకి రాదు. పైగా బేరార్ కథే వేరు. హైదరాబాద్ కంటింజెంట్ (నిజాం ఖర్చుతో ఇంగ్లిష్ అధికారులు నడిపిన సైన్యం) జీతాల బాకీ కింద 1853లో నిజాం దాని పాలన ఇంగ్లిష్ వాళ్లకు అప్పగించాడు, 1902లో వైస్రాయ్ కర్జన్ కాలంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకిచ్చాడు. పొలం కౌలుకిస్తే పట్టా మారదు కదా, ఇదీ అంతే. సార్వభౌమత్వం నిజాందేనని 1936 ఒప్పందంలోనూ ఒప్పుకున్నారు, ఆయన వారసుడికి ప్రిన్స్ ఆఫ్ బేరార్ బిరుదూ వచ్చింది. పుట్టిన చోటును బట్టి బ్రిటిష్ ప్రజ కావాలంటే వాళ్ల రాజు సొంత రాజ్యంలో పుట్టాలి. కాబట్టి అమ్మ కాగితం మీద నిజాం ప్రజే. ఈ మాట చెప్తే ఆమె నవ్వి, "మరి మా నాయన శిస్తు తెల్లదొరలకే కట్టిండు కదరా" అంది. నిజమే, తహసీలు, ఠాణా, కోర్టు అన్నీ వాళ్లవే, మనుషులు మాత్రం వాళ్ల ప్రజలు కారు!

హాంకాంగ్‌లో ఇంకో చిత్రం. అక్కడి న్యూ టెరిటరీస్‌ను కూడా 1898లో 99 ఏళ్ల కౌలుకే తీసుకున్నారు, కానీ కాలనీలో కలిపేసుకోవడంతో అక్కడ పుట్టినవాళ్లు బ్రిటిష్ ప్రజలయ్యారు. ఏజెంట్లు అలాంటివే ఎక్కడో విని ఇక్కడ అతికిస్తున్నట్టున్నారు. మనకైతే 1950 జనవరి 26న రాజ్యాంగం 5వ అధికరణంతో ఆ లెక్క తేలిపోయింది, అమ్మ భారత పౌరురాలు, అంతే.

అబ్బాయి ఇంకా డబ్బు కట్టలేదు, కానీ వాడి స్నేహితులు ఇద్దరు కట్టేశారట. మీ చదువుల పేజీలో ఈ వీసా రూల్ ఒక్కసారి పెద్ద అక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ